ఏడో అంకె దగ్గర తెల్ల గీత

గత వేసవిలో విశాఖపట్నం నుంచి ఒక యువకుడు మా ఊరి చర్చికి వచ్చాడు. పాత వాద్యయంత్రాలను వెతికి, బాగుచేసి, వాయించేవాళ్ళకు చేర్చడం అతని వృత్తి. చర్చి వెనుక గదిలో, కాళ్ళు విరిగిన బల్లల మధ్య పడి ఉన్న మా సింథసైజరు గురించి ఎవరో అతనికి చెప్పారట. దాన్ని వాయించినవాళ్ళలో ఇంకా ఈ ప్రాంతంలో మిగిలింది నేనొక్కదాన్నే గనుక పాస్టరు గారు నాకు కబురు పెట్టారు. అతను దాన్ని వరండాలోకి తెచ్చి, దుమ్ము తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇది పూర్తిగా అనలాగు. ఇలాంటివి ఇప్పుడు దొరకవు. ఎందుకు పక్కన పెట్టేశారు? ఏమైనా లోపం ఉండేదా?" అని అడిగాడు. శబ్దం తక్కువగా వచ్చేదన్నాను. "లోపం ఎక్కడో దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. ఎక్కడని అతను అడగబోతుండగా పాస్టరు గారు టీ తెచ్చారు. నేను ఆ టీ వెనుక దాక్కున్నాను. సమాధానం తెలిసి కూడా చెప్పకుండా ఇంటికి రావడం నా అలవాటుకు విరుద్ధం కాబట్టి ఇది రాస్తున్నాను.

నా అలవాటు ఏమిటో ముందుగా చెప్పాలి. మా నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు, మా బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి. ఆయన దృష్టిలో రాసిపెట్టనిది జరగనట్టే. వాన కురిస్తే పెరట్లో పెట్టిన డబ్బాలో స్కేలు ముంచి ఎంత కురిసిందో రాసేవారు. పలాస బస్సు మా మలుపు దగ్గర హారను కొట్టిన నిమిషాన్ని రాసేవారు. ఆలస్యమైతే డ్రైవరును పల్లెత్తు మాట అనేవారు కాదు, అతనికి కనబడేలా నిలబడి రాసేవారు. నాకు పదేళ్ళు నిండిన రోజున కొత్త గౌనుకు బదులు ఒక డైరీ ఇచ్చారు. అప్పటి నుంచి నేటి వరకు అందులో ఒక్క రోజు ఖాళీ లేదు. కనుక ఈ జ్ఞాపకంలోని ప్రతి సంఘటనకూ తేదీ, వారం, వేళ నా దగ్గర ఉన్నాయి. అయినా వాటిని ఇక్కడ వేయడం లేదు. నేను రాసిన అంకెలను నమ్మినందువల్ల ఒక మనిషికి ఏం జరిగిందో తెలిశాక పాఠకులు ఎలాగూ వాటిని నమ్మరు.

ఆ రోజుల్లో మా ఇంటికి రెండు వాసనలు. నాన్నగారి వైపు సుద్దముక్కలదీ సిరాదీ. అమ్మ వైపు జీడిపిక్కలది. పలాస వ్యాపారుల నుంచి మా ఊరికి బస్తాల్లో పిక్కలు వచ్చేవి. ఉదయం ప్రార్థన, గంజి అయ్యాక అమ్మ వసారాలో పీట వేసుకుని, చేతులకు బూడిద రాసుకుని, పిక్కలు కొట్టి పప్పు తీసేది. ఎంత బూడిద రాసినా పెంకులోని జీడి వేళ్ళకు అంటుకుని నల్లని మరకలు వేసేది. అవి సబ్బుకు పోవు, కిరసనాయిలుకు పోవు, పాత చర్మం ఊడి కొత్తది వస్తేనే పోతాయి. ప్రభురాత్రి భోజనపు ఆదివారాల్లో అమ్మ రొట్టె ముక్క అందుకునేటప్పుడు అరచేతిని పైట కొంగు చాటున పెట్టుకునేది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఊళ్ళో ఎవరికీ తలవంచే మనిషి కాదు. ఆ వేళ్ళకు మాత్రం సిగ్గుపడేది.

సింథసైజరు మా సంఘానికి వచ్చిన తీరు సాదాసీదాది. మిషను బంగళాలో కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన ఒక విదేశీ అతిథి, తిరుగు ప్రయాణంలో సామాను బరువెక్కువై, దాన్ని మాకు ఇచ్చి వెళ్ళాడు. సామాను బరువు సంగతి నాన్నగారు రాశారు. కృతజ్ఞతా కూడికలో పాస్టరు గారు ఆ వాక్యాన్ని చదవలేదు. చెక్క అంచులున్న నల్లని పెట్టె, ముప్పైయేడు మీటలు, మీటల పైన పదిహేడు నాబులు. ప్రతి నాబు మీద ఒక తెల్ల గీత, చుట్టూ రేకు మీద సున్నా నుంచి పది దాకా అంకెలు. ఒకేసారి రెండు మీటలు నొక్కితే ఒకటే పలికేది. నలభై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్న ఆశీర్వాదం తాతగారికి అదొక్కటే చాలింది. "ఇదేటి వాయిద్యమర్రా? ఇంత పెట్టి, ఒకటే గొంతు! మా ఇంటిది నయం, ఒక్కర్తే నాలుగు గొంతులు పలుకుతాది," అన్నారు. తాతగారి భార్య పక్కనే ఉన్నారు, నవ్వలేదు.

టెక్కలిలో డిగ్రీ చదువుతున్నదాన్ని, ఇంగ్లీషు చదవగలిగినదాన్ని కనుక వాయించే బాధ్యత నాకు వచ్చింది. అతిథి వెళ్ళేముందు చూపించిన ప్రకారం ప్రతి నాబు ఏ అంకె దగ్గర ఉండాలో ఒక నోటుపుస్తకంలో పటం గీసి రాసుకున్నాను. ఆ అంకెల్లో అయిదుకు తక్కువది లేదు. శబ్దం ఏడు. ఏడు దాటకూడదు, మొదటి నెలలో ఒకసారి ఎనిమిదికి తిప్పితే చర్చి కప్పు మీది లౌడుస్పీకరు హారను లోపల యూనిటు కాలిపోయింది. ఒక్క నాబుకు మాత్రం పుస్తకంలో అంకె లేదు. అది శ్రుతిది. ఎండను బట్టి ఆ పెట్టె శ్రుతి జారిపోయేది, అందువల్ల ప్రతి ఆదివారం తాతగారి హార్మోనియం పక్కన పెట్టుకుని, విని సరిచేసేదాన్ని. ఇంత కథలోనూ నన్ను ఇబ్బంది పెట్టని నాబు అదొక్కటే. ఆ సంగతి నుంచి నేర్చుకోవలసింది అప్పుడు నేర్చుకోలేదు.

తెరవడం నా పని, మూయడం అమ్మ పని. ఆరాధన ముగిశాక నేను నాన్నగారి దగ్గర కూర్చుని హాజరు పుస్తకం రాసేదాన్ని. అమ్మ నాబులన్నిటినీ, కుళాయి కట్టినట్టు, ఎడమవైపు ఆగేదాకా తిప్పేసి, తుడిచి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పేది. నేను మళ్ళీ ఆదివారం వచ్చి, గుడ్డ తీసి, పుస్తకం తెరిచి, పదహారు గీతలను పదహారు అంకెల దగ్గరికి తిప్పేదాన్ని. మూడేళ్ళు ఇలా గడిచాయి.

ఇక సింహాచలం. మా ఊరి మైకుసెట్టు ఆయనదే. పెళ్ళిళ్ళకూ, అమ్మవారి సంబరాలకూ, మా క్రిస్మస్‌కూ ఒకే యాంప్లిఫయరు, ఒకే రెండు హారన్లు. నేను మావ అని పిలిచేదాన్ని. ఆ ఏడు క్రిస్మస్ నెలకు ముందు ఆయన బరంపురం వెళ్ళి కొత్త యాంప్లిఫయరు తెచ్చుకున్నాడు. దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టాడు. మా చర్చి మెట్ల దగ్గరికి రాగానే ఆ బొట్టును తుండుగుడ్డతో తుడిచేవాడు. ఆరాధన అయ్యాక మెట్లు దిగి, జేబులోని కుంకుమ పొట్లం విప్పి మళ్ళీ పెట్టేవాడు. ఇంత మర్యాద మేము ఎవరికీ చేసినట్టు నాకు గుర్తు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే శబ్దం తగ్గింది. ఏడు దగ్గర గీత ఉంది, శబ్దం మాత్రం దుప్పటి ముసుగులో నుంచి పాడినట్టు ఉంది. స్త్రీల వైపు ముందు వరుస దాటి వినబడలేదు. మొదటి ఆదివారం కరెంటు అనుకున్నాం; మా ఉద్దానం తోటల్లో నీటి మోటార్లు తిరిగే వేళ ఫ్యాన్లు కూడా నీరసంగా తిరిగేవి. రెండో ఆదివారం మోటార్లు ఆగిన వేళ చూసి పరీక్షించాను, తేడా లేదు. తీగ మార్చాను. పిన్నును గరుకు కాగితంతో రుద్దాను. సముద్రపు ఉప్పుగాలి లోపలికి చేరిందేమోనని వెనుక రేకు విప్పి చూశాను. నాన్నగారి బడి బీరువా కన్నా శుభ్రంగా ఉంది. ప్రతి పరీక్షకూ పుస్తకంలో ఒక వరుస, వరుస చివర "ఫలితం లేదు". తాతగారు పదికి తిప్పమన్నారు. కాలిపోయిన యూనిటును గుర్తుచేసి, ఏడు దాటనన్నాను.

సింహాచలం మావ తన సెట్టులో దోషం లేదని నిరూపించుకోవడానికి నానా యాతన పడ్డాడు. మైకులో మాట్లాడాడు, ఊరంతా వినబడింది. మైకు వేరే రంధ్రంలో పెడతారు కదా అన్నాను. అయితే సింథసైజరు పెట్టే రంధ్రంలోనే టేపురికార్డరు పెట్టి పాట వేశాడు. తీరం దాకా వినబడి ఉంటుంది.

"ఇప్పుడు సెప్పు పాపా! నా మిషనుకేటి రోగం?"

"మావా, మూడేళ్ళు ఏడు దగ్గర బాగా పలికింది. పుస్తకం అదే, ఏడు అదే, పెట్టె అదే. మారింది నీ యాంప్లిఫయరు ఒక్కటే."

ఆయన నా పుస్తకం వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. "ఆ గీత సూసి తిప్పకమ్మా. సెవి పెట్టి తిప్పు. సాలనిపించినకాడ ఆపు," అన్నాడు.

"అలా అయితే ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది. కొలత ఉండాలి కదా."

"కొలతదేటుంది పాపా, ఇనీవోళ్ళు మడుసులు కదేటి?"

ఆ మాటను కూడా నేను పుస్తకంలో రాశాను, "సాంకేతికం కాదు" అన్న శీర్షిక కింద.

విషయం కమిటీకి వెళ్ళింది. తాతగారు బొట్టు సంగతి ఎత్తారు. బొట్టు పెట్టిన మిషను మన పాటలు పలకదన్నారు. నాన్నగారు అలాంటి వాదనలను సహించే మనిషి కాదు. "బొట్టుకూ విద్యుత్తుకూ సంబంధం లేదు. ఆధారం ఉంటే చెప్పండి," అన్నారు. అప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను లేచి, మూడేళ్ళ వరుసలు చదివి వినిపించాను. మారనివి ఇవి, మారినది ఇది. అరగంట చదివాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. నిజానికి ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అంత స్పష్టమైన చేతిరాతలో చూశాక కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సింహాచలం సెట్టుకు బదులు పలాస నుంచి మరో సెట్టు తెప్పించాలని తీర్మానం అయింది. నాన్నగారు చెబుతుండగా ఆ తీర్మానం శుద్ధప్రతిని రాసింది కూడా నేనే.

పలాస సెట్టు పెద్దది. దాన్ని చివరిదాకా తిప్పితే మా పాట వినబడింది, పాట వెనుక పెంకుల మీద వాన కురుస్తున్నట్టు ఒక హోరు కూడా వినబడింది. నా లెక్క సరిపోయిందని అందరూ అన్నారు. నేను కాదనలేదు. హోరు సంగతి పుస్తకంలో రాసుకున్నాను.

గుడ్ ఫ్రైడే దగ్గర పడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం ఆరాధనకు ముందు శబ్దం నాబు ఊడి నా చేతిలోకి వచ్చింది. కింద సన్నని ఇనుప కాడ ఒక్కటే మిగిలింది. దానికి గీత లేదు, అంకె లేదు. అమ్మ పక్కనే బలిపీఠం మీద గుడ్డ సర్దుతోంది. నా చేతిలోని నాబును చూసి ఏమాత్రం కంగారుపడకుండా, "అదా? గట్టిగా నొక్కితే ఎక్కిపోతాది. క్రిస్మస్సుకి కడిగినప్పుడు అన్నీ అలాగే ఎక్కించినాం," అంది.

"కడిగారా? వీటిని ఊడదీసి కడిగారా?"

"మరేటే? గోడలకి సున్నాలేసినప్పుడు గుడిలో కడగనిది ఏటుంది? చింతపండు నీళ్ళలో రాత్రంతా నానబెట్టినాం. నా ఏళ్ళ మరకలు ఆ తెల్ల గీతల మీద పడి సూడలేకపోయీదాన్ని."

అప్పుడు నాకు ఒక పాత సంభాషణ గుర్తుకొచ్చింది. గోడలకు సున్నం వేసిన తరువాతి ఆదివారం గుడ్డ తీసి చూస్తే, సున్నా వైపు వాలి ఉండవలసిన గీతలన్నీ నిట్టనిలువుగా అయిదు వైపు చూస్తున్నాయి. ఇలా పెట్టావేమని అమ్మను అడిగాను. "బాగున్నాయి కదే. ఇదివరకు మూతి ముడుసుకున్నట్టు పక్కకి సూసీవి," అంది. మూసే పద్ధతి మార్చుకుందనుకుని, "నేటి నుంచి మూసేటప్పుడు నాబులు అయిదు దగ్గర, కారణం: అమ్మ" అని పుస్తకంలో రాసుకున్నాను. కాడలు సున్నా దగ్గరే ఉన్నాయి. నాబులు మాత్రం అయిదు దగ్గర మొదలవుతున్నాయి. నేను ఏడు దగ్గర పెట్టిన ప్రతిసారీ ఆ పెట్టె నిజానికి రెండు దగ్గర పలికింది. ఒక్క శబ్దమే కాదు, గొంతును తెరిచే నాబులు కూడా అంతే. మారినవి రెండు, నాకు కనబడినది ఒకటి.

ఏమీ ఆలోచించకుండా ఆ ఉత్త కాడను వేళ్ళతో పట్టుకుని, మీట నొక్కి తిప్పాను. శబ్దం గోడలకు తగిలి తిరిగి వచ్చింది. అప్పుడే లోపలికి వస్తున్న తాతగారు గుమ్మంలో ఆగిపోయారు. పాస్టరు గారు మోకాళ్ళ మీద ఉన్నవారు లేచి, చేతులెత్తి స్తోత్రం చెప్పారు. స్త్రీల సమాజం మూడు శుక్రవారాలు ఆ పెట్టె కోసం ఉపవాస ప్రార్థన చేసింది మరి. ఆ ఉదయం ప్రసంగం పక్కకు పోయి సాక్ష్యాలు ముందుకు వచ్చాయి. అధ్యక్షురాలు కనుక అమ్మను మాట్లాడమన్నారు. లేచేముందు అమ్మ నా ముఖం చూసింది. అప్పటికే నేను చెవిలో అంతా చెప్పాను. ఒక్క నిమిషంలో గ్రహించింది.

"ఇప్పుడు సెప్పకే," అంది మెల్లగా. "నలుగురూ కలిసి కడిగినాం. నలుగురూ పస్తున్నారు."

లేచి నిలబడి, అరచేతులను పైట చాటున పెట్టుకుని, దేవుని కార్యాలు మనకు అర్థం కావని మాత్రం చెప్పి కూర్చుంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను నాబులను సరిచేయలేదు, ఊడినదాన్ని కూడా మిగతావాటిలాగే తప్పుగా ఎక్కించాను. సరిచేస్తే, ఎందుకు సరిచేశావని ఎవరైనా అడుగుతారు.

మరునాడు సింహాచలం మావ ఇంటికి వెళ్ళాను. హారన్లు రెండూ గచ్చు మీద బోర్లించి ఉన్నాయి, ఒకదాని మీద కోడి పడుకుంది. ఒక చర్చి ఒక మైకుసెట్టును మానిపించిందంటే ఆ వార్తకు మరో హారను అక్కరలేదు. వజ్రపుకొత్తూరు వైపు ఒక్క పెళ్ళివారూ ఆయన్ను పిలవలేదు. సోంపేట వైపు సంబరానికి చేసుకున్న మాట కూడా తప్పిపోయింది. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన కోపగించుకుంటాడని, ఏడుస్తాడని, రెండింటికీ సిద్ధపడి వెళ్ళాను. ఆయన నవ్వాడు.

"చింతపండు నీళ్ళా? మీ అమ్మ కడిగినాదా? ఓలమ్మో! నాను ఆ మిషను ఇప్పి నాలుగుసార్లు మళ్ళీ బిగించినాను, తల్లీ!"

"కమిటీలో చెబుతాను మావా. తీర్మానం మార్పిస్తాను."

"మీ పుత్తకంలో మారితే ఎవులికి తెలుత్తాది? సెట్టు బాగోదని ఊరూరా ఇన్నారు. బాగుందని కూడా ఇనాల." హారను మీది కోడిని అదిలించి, మళ్ళీ అన్నాడు: "మందస దారిలో నా మేనకోడలు పెళ్ళి. పగటి ముగూర్తం. సుట్టాలు గనక కాదనలేక నన్ను పెట్టుకున్నారు. ఉద్దానం జనమంతా వత్తారు. ఆ పెట్టిని తీసుకొచ్చి, నా మిషను మీద నువ్వు వాయించు."

చర్చి సింథసైజరును ఒక హిందూ పెళ్ళిలో వాయించడానికి ఏ కమిటీ ఒప్పుకుంటుంది? నేను రాత్రి భోజనాల దగ్గర నాన్నగారితో, పెట్టెను ఒక పూట మరమ్మతుకు తీసుకువెళ్ళాలన్నాను. "ఏం లోపం?" అన్నారు. "శబ్దం గురించే," అన్నాను. ఆయన రాసుకున్నారు. నా జీవితంలో నాన్నగారికి చెప్పిన మొదటి అబద్ధం అది. నిజానికి అది మరమ్మతే; యంత్రానికి మాత్రం కాదు.

పెళ్ళి పందిట్లో, మామిడాకుల తోరణం కింద, గాడిపొయ్యి పొగ ముఖానికి కొడుతుండగా, ఒక స్టూలు మీద పెట్టెను పెట్టుకుని కూర్చున్నాను. పుస్తకం తీసుకువెళ్ళలేదు. గీతలు ఏ అంకెల వైపు చూస్తున్నాయో ఆ రోజు నేను గమనించలేదు. యాంప్లిఫయరు దగ్గర కూర్చున్న మావ ముఖం చూస్తూ తిప్పాను. నాకు వచ్చినవి కీర్తనలు మాత్రమే. పదాలు లేకపోతే కీర్తన కూడా పాటే కదా అని ధైర్యం చేసి మొదటిది అందుకున్నాను. పందిరి గుంజలు అదిరాయి. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కొత్త సినిమా పాట అనుకున్నారు.

"ఏటి సౌండు బావా! ఎవులిది సెట్టు?" అన్నాడు ఒక పెద్దాయన.

"మన సింహాచలం సెట్టే. చర్చిలోళ్ళు కాదన్నారంట."

"ఆళ్ళ సెవులకేటయినాది?"

మూడు ఊళ్ళవాళ్ళు అక్కడికక్కడే ఆయనతో మాట ఖాయం చేసుకున్నారు. నేను తొమ్మిది కీర్తనలు వాయించాను. ఆఖరుది సిలువ పాట. ఆ పాటకే తాళి కట్టారు.

సముద్రపు గాలి ఎటు వీస్తుందో నేను లెక్క వేసుకోలేదు. పెళ్ళివారి ఊరికి మైలున్నర ఇవతల ఆశీర్వాదం తాతగారి జీడితోట ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన తోటలో పిక్కలు ఏరిస్తున్నారు. గాలిలో సిలువ పాట వినబడగానే తలపాగా తీసి నిలబడ్డారట. పాట పూర్తయ్యేదాకా అలాగే నిలబడి, ఆ తరువాత, పరలోకంలో కూడా ఒకేసారి ఒక మీటే పలికే వాయిద్యం ఉండదని తోచి, తలపాగా చుట్టుకుని పెళ్ళివారి ఊరికి నడిచారట.

వారం తిరగకుండా కమిటీ కూర్చుంది. నేను అంతా చెప్పాను: పందిరి సంగతి, కమిటీలో నేను చదివిన వరుసలు తప్పన్న సంగతి. నాబులు ఎలా తప్పాయో మాత్రం, నేనే ఊడదీసి తప్పుగా పెట్టానన్నాను. స్త్రీల వైపు నుంచి అమ్మ లేవబోయింది. నేను చూడనట్టు నటించాను. ఉపవాస ప్రార్థన సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అనుమతి లేకుండా, అసత్య కారణం చెప్పి సంఘపు ఆస్తిని బయటికి తీసుకువెళ్ళినందుకు నన్ను వాద్య బాధ్యత నుంచి తొలగించాలని మొదటి తీర్మానం.

రెండోది తాతగారు ప్రతిపాదించారు. "ఈ గుంట సేసింది తప్పే. అది వేరు. మైలున్నర దూరానికి, పాటలో ఆకు కదిలినంత సన్న సాగదీత కూడా ఇనబడింది. ఆ పలాసోడి సెట్టు మనకొద్దు. సింహాచలాన్ని పిలండి."

"మరి బొట్టు?" అన్నారు ఎవరో.

"బొట్టుకీ విద్యుత్తుకీ సమందం లేదు," అన్నారు తాతగారు, నాన్నగారి వైపు చూడకుండా.

నాన్నగారు రెండు తీర్మానాలనూ వరుసగా చెప్పారు, నేను వరుసగా రాశాను. "అసత్య కారణం" దగ్గర ఆయన గొంతు ఆగలేదు, నా కలమూ ఆగలేదు. అయ్యాక పుస్తకం తీసుకుని ఒకసారి చదివి, "తేదీ వెయ్యి," అన్నారు. వేశాను. ఇంటి దారిలో ఆయన బస్సు మలుపు దగ్గర ఆగి, జేబులో నుంచి చిన్న పుస్తకం తీశారు. బస్సు రాలేదు, అది వచ్చే వేళ కాదు. ఏమీ రాయకుండానే జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు మా చర్చిలో శబ్దాన్ని ఒక తెర మీద వేలితో జరుపుతారు. ఏ పాటకు ఎంత ఉండాలో యంత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఊడదీసి కడగడానికి దానికి నాబులే లేవు. ఎవరి వేళ్ళ మరకలూ అంటవు. అమ్మ చేతులు తెల్లబడి చాలా ఏళ్ళయింది. పిక్కలు ఇప్పుడు మిషన్లు కొడుతున్నాయి. నాన్నగారి వాన లెక్కలను నేనే కొనసాగిస్తున్నాను. సింహాచలం మావ, కిడ్నీలు చెడి, వారానికి మూడు రోజులు రక్తశుద్ధికి పలాస వెళ్తాడు. మా ఉద్దానంలో ఇది ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ గదిలో యంత్రం ఎంత చప్పుడు చేస్తుందో, ఏ రోజు గొంతు మారిందో నర్సుకు చెబుతుంటాడట. అప్పటి పొరపాట్లు వెతికితే దొరికేంత పెద్దవి, సరిచేయాలంటే మాత్రం ఒక పెళ్ళి కావలసి వచ్చేది. ఇప్పటి యంత్రాలు పొరపాటు చేయవని చెబుతారు. నేను రాసుకుంటూనే ఉన్నాను.

ఆ తీర్మానాలు అయిన ఏటి క్రిస్మస్ ఉదయం నేను స్త్రీల వైపు మూడో వరుసలో, అమ్మ పక్కన కూర్చున్నాను. నా స్థానంలో తాతగారి మనవరాలు కూర్చుంది, నా నోటుపుస్తకం ముందు పెట్టుకుని. సింహాచలం మావ మెట్ల దగ్గర బొట్టు తుడవబోతే, తాతగారు చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. ఆ ఏడు అది అలాగే ఉండిపోయింది. మొదటి కీర్తన మొదలైంది. నాబులను సరిచేసే అధికారం నాకు పోయింది, మరెవరూ సరిచేయలేదు; ఆ అమ్మాయి గీతను ఏడు దగ్గర పెట్టింది. శబ్దం ముందు వరుస దాటలేదు. మావ గుమ్మం దగ్గర యాంప్లిఫయరు ముందు గొంతుక్కూర్చుని, మెల్లగా తిప్పుతూ, మధ్యలో ఆగి, అందరి తలల మీదుగా నన్ను వెతికాడు. కనుబొమలు ఎత్తాడు. ఇంకొంచెం, అన్నట్టు నేను ఒక వేలు ఎత్తాను. పురుషుల వైపు నుంచి నాన్నగారు మా ఇద్దరినీ చూశారు. పాట పుస్తకంలోకి తల దించుకుని పాడసాగారు. మావ తిప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చాలనిపించేదాకా వేలు దించలేదు.